ఒక రేణువులో రెండు మంటలు

మన పెద్దలు గని బొగ్గును రాక్షసి బొగ్గు అన్నారు. కట్టెను కాల్చి చేసిన బొగ్గు కుంపటిలో సాధువుగా, పొగ లేకుండా రగులుతుంది. రాక్షసి బొగ్గు నైజం అది కాదు. అంటించగానే నల్లని పొగ కక్కుతుంది, ఘాటైన వాసన వేస్తుంది, పైనున్న గిన్నెకు తారు పూస్తుంది. ఆ ఉద్రేకమంతా తీరిన తరువాతనే ఎఱ్ఱని నిప్పుగా మారి, చాలాసేపు నిలకడగా వేడినిస్తుంది. పేరు భయంకరమైనదే కాని, దానిలో నిశితమైన పరిశీలన ఒకటి ఉన్నది. గని బొగ్గులో ఉన్న దేదో కట్టె బొగ్గులో లేదు. ఆ దేదో ముందుగా వెళ్ళిపోతే గాని గని బొగ్గు కట్టె బొగ్గు వలె శాంతించదు.

ఆ పదార్థం ఏమిటి? అది ఎలా వెళ్ళిపోతుంది? ఈ ప్రశ్నలు వంటయింటితో ముగిసేవి కావు. ఢిల్లీకి తూర్పున, గౌతమ బుద్ధ నగర్ జిల్లాలోని దాద్రీ వద్ద జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ కేంద్రం ఉన్నది. అక్కడి బొగ్గు యూనిట్ల సామర్థ్యం మొత్తం 1,820 మెగావాట్లు. వాటిలో 490 మెగావాట్ల యూనిట్ ఒకటి పూర్తి భారంతో నడిస్తే గంటకు సుమారు 300 టన్నుల బొగ్గును దహిస్తుంది. అయినా అక్కడి పొగగొట్టం కొస నుండి కుంపటి పొగ వంటి నల్లని పొగ రాదు. పిడికెడు బొగ్గు గదినంతా మసి చేస్తుండగా, వందల టన్నుల బొగ్గు అలా చేయకుండా కాలడమెట్లా? పొగ లేదు గనుక అక్కడ దోషం కూడా లేదని అనుకోవచ్చునా? శీతకాలంలో ఊపిరి బరువెక్కే రాజధాని ప్రాంతంలో ఈ రెండు ప్రశ్నలకూ సరియైన సమాధానం తెలియవలసి ఉన్నది. అది మిల్లీమీటరులో పదవ వంతు కూడా లేని బొగ్గు రేణువు ఒకటి కొలిమిలో పడినప్పుడు జరిగే కథలో దొరుకుతుంది.

బొగ్గులో ఉన్నది బొగ్గు ఒక్కటే కాదు

మన దేశపు బొగ్గులో అధిక భాగం గోండ్వానా యుగానికి చెందినది. సుమారు 25 నుండి 30 కోట్ల సంవత్సరాల క్రిందట చిత్తడి నేలలలో పెరిగిన చెట్లు బురదలో మునిగి, మట్టిపొరల ఒత్తిడికి, భూగర్భపు వేడికి లోనై బొగ్గుగా మారాయి. దామోదర్ లోయలోని ఝరియా బొగ్గు అటువంటిదే. గోదావరి లోయలోని సింగరేణి బొగ్గు కూడా అటువంటిదే. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు పరిసరాలలో బొగ్గును కనుగొన్నాడు. దానిని త్రవ్వడానికి 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. నేటి సింగరేణి సంస్థకు మూలం ఆ కంపెనీయే.

ప్రయోగశాలలో బొగ్గును నాలుగు భాగాలుగా లెక్కిస్తారు: తేమ, బాష్పశీల పదార్థం, స్థిర కర్బనం, బూడిద. బొగ్గు పొడిని మూత గల చిన్న మూసలో ఉంచి, గాలి తగలకుండా 900 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 7 నిమిషాలు వేడిచేస్తారు. అప్పుడు తగ్గిన బరువు నుండి తేమ బరువును తీసివేయగా వచ్చేదే బాష్పశీల పదార్థం. రాక్షసి బొగ్గుకు పొగను, వాసనను, తారును ఇచ్చేది ఇదే. కట్టెను బొగ్గుగా కాల్చేటప్పుడు ఈ భాగం ఆవంలోనే వెళ్ళిపోతుంది. అందుచేతనే కట్టె బొగ్గు సాధువైనది. మన విద్యుత్ కేంద్రాలకు చేరే బొగ్గులో బూడిద సాధారణంగా 30 శాతానికి మించి ఉంటుంది. 40 శాతం ఉండడం కూడా అరుదు కాదు. ఈ అంకెను పాఠకులు గుర్తుంచుకోవాలి. దానితో ముందు పని ఉన్నది.

గాలి చొరకుండా వేడి ఒక్కదానితోనే పదార్థం విడిపోవడాన్ని ఉష్ణ విఘటనం అంటారు. శాస్త్రజ్ఞులు వాడే పేరు పైరాలిసిస్. ఇది మండడం కాదు, మండడానికి ముందు జరిగే సిద్ధత. ప్రమిదలో దీపం వెలుగుతున్నప్పుడు నూనె నూనెగా మండదు. వత్తి కొసన వేడికి ఆవిరియై, ఆ ఆవిరి మండుతుంది. కట్టె మంటా, బొగ్గు మంటా అటువంటివే. మంట అని మనం చూచేది ఘన పదార్థం నుండి వెలువడిన వాయువుల దహనం. ఘన పదార్థం తాను మండేటప్పుడు జ్వాల ఉండదు, నిప్పు మాత్రమే ఉంటుంది. కాబట్టి ఒకే బొగ్గులో రెండు మంటలు ఉన్నవి. మొదటిది వాయువుల మంట. రెండవది నిప్పుగా కాలే కర్బనపు మంట.

మొదటి మంటకు కావలసిన వాయువులను బొగ్గు నుండి విడదీసి వాడుకోవచ్చునని మానవుడు చాలాకాలం క్రిందటనే గ్రహించాడు. 1792లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతంలో విలియం మర్డాక్ మూసిన పాత్రలో బొగ్గును వేడిచేసి, వచ్చిన వాయువుతో తన యింట దీపాలు వెలిగించాడు. 1857లో కలకత్తా వీథులలో వెలిగిన దీపాలు ఆ బొగ్గు వాయువుతో వెలిగినవే. మన హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధనాలయం, అనగా నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, కోకుకు పనికిరాని బొగ్గును తక్కువ ఉష్ణోగ్రత వద్ద విఘటింపజేసి, తారును విడదీసి, పొగరాని వంటబొగ్గును తయారుచేసే పద్ధతులపై ఏళ్ళ తరబడి కృషి చేసింది. రాక్షసిని సాధువుగా మార్చే విద్య అది.

గండశిల నుండి గంధపు పొడి వరకు

విద్యుత్ కేంద్రంలో బొగ్గును గడ్డలుగా కాల్చరు. పెద్ద మరలలో విసిరి, ముఖానికి పూసుకొనే పౌడరంత మెత్తగా చేస్తారు. ఆ పొడిలో సుమారు 70 శాతం 75 మైక్రాన్ల రంధ్రాలు గల జల్లెడ గుండా దిగిపోవాలి. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తల వెంట్రుక మందం రమారమి 70 మైక్రాన్లు.

ఇంత శ్రమ ఎందుకో చిన్న లెక్క చెబుతుంది. ఒక సెంటీమీటరు భుజం గల బొగ్గు ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దానిని 50 మైక్రాన్ల భుజం గల ఘనాలుగా కోస్తే 80 లక్షల ముక్కలు వస్తాయి. వాటన్నిటి ఉపరితలం కలిసి 1,200 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. బొగ్గు పెరగలేదు గాని గాలి తాకే చోటు 200 రెట్లు పెరిగింది.

బొగ్గు పొడికి గల ఈ బలం మొదట గనులలో ప్రాణాలు తీసి తెలియవచ్చింది. 1844 సెప్టెంబరు 28న ఇంగ్లండులోని డర్‌హామ్ మండలంలో హాస్వెల్ గనిలో ప్రేలుడు సంభవించి 95 మంది మరణించారు. విచారణకు ప్రభుత్వం మైకేల్ ఫారడేను, భూగర్భ శాస్త్రజ్ఞుడు చార్లెస్ లైల్‌ను పంపింది. గనిలోని వాయువు అంటుకొన్నప్పుడు లేచిన బొగ్గు ధూళి కూడా మంటలో పాల్గొన్నదని వారు తెలిపారు. అందుకు నిదర్శనంగా, స్తంభాల మీద, గోడల మీద అతుక్కొని ఉన్న మాడిన ధూళిని చూపించారు. దానిలోని బాష్పశీల పదార్థం చాలావరకు వెళ్ళిపోయి ఉన్నది. గనిలో ప్రళయమైన ఆ క్రియనే నేటి బాయిలరు అదుపులో ఉంచి, ప్రతి క్షణం జరిపిస్తున్నది.

రెప్పపాటు లోపలి కథ

ఇక మన రేణువును అనుసరించి కొలిమిలోనికి పోదాము. మర నుండి వెచ్చని గాలి దానిని మోసుకొని బర్నరు గుండా లోపలికి ఊదుతుంది. కొలిమి నడుమ ఉష్ణోగ్రత 1,300 నుండి 1,600 డిగ్రీల వరకు ఉంటుంది. రేణువు చాలా చిన్నది కనుక ఆ వేడికి అతి త్వరగా వశమవుతుంది. దాని ఉష్ణోగ్రత పెరిగే వేగం సెకనుకు 10,000 డిగ్రీలు మొదలుకొని లక్ష డిగ్రీల వరకు ఉంటుంది. సెకనంతా అలా పెరగదు. కొలిమి వేడిని అందుకోవడానికి దానికి సెకనులో కొద్ది వంతు చాలు.

నూరు డిగ్రీలు దాటేసరికి తేమ పోతుంది. 350, 400 డిగ్రీల ప్రాంతంలో బొగ్గు అణువులను పట్టి ఉంచిన బంధాలు తెగడం ఆరంభిస్తాయి. చాలా రకాల బొగ్గులు ఈ దశలో మెత్తబడి, పాకం వలె జిగురుగా మారుతాయి. లోపల పుట్టిన వాయువులు ఆ పాకంలో బుడగలై, రేణువు పూరీ వలె పొంగుతుంది. బుడగలు పగిలి వాయువులు చిన్న ధారలుగా చిమ్ముకొని వస్తాయి. మొదట తారు ఆవిరులు, మీథేను, నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు. వేడి ఇంకా పెరిగిన కొలది కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్. బయటి ఆక్సిజన్‌తో కలిసిన చోట ఇవి అంటుకొంటాయి. రేణువు చుట్టూ జ్వాల ఒక పొరగా ఏర్పడుతుంది. ఎదురుగా వస్తున్న వాయువుల ప్రవాహం వలన, ఆ జ్వాల ఆక్సిజన్‌ను కాజేయడం వలన, ఆ కొద్దిసేపు రేణువు తలానికి గాలి దాదాపు చేరదు. నిప్పుల మధ్య ఉండి కూడా అది మండక, విడిపోతూ మాత్రమే ఉంటుంది. ఈ మొదటి అంకం ముగియడానికి పట్టే కాలం సెకనులో నూరవ వంతు మొదలు పదవ వంతు వరకు. మనం రెప్ప వేసి తెరిచేలోగా అంతా అయిపోతుంది.

ఇక్కడ ఒక విశేషమున్నది. బాష్పశీల పదార్థం ఇంత అని ప్రయోగశాల మూసలో కొలిచిన అంకె కొలిమిలో నిలువదు. 1977లో ప్రచురితమైన పరిశోధనలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన కొబయాషి, హోవర్డ్, సరోఫిమ్ అనే శాస్త్రజ్ఞులు బొగ్గు రేణువులను చాలా ఎక్కువ ఉష్ణోగ్రతలలో అతి వేగంగా వేడిచేసి చూచారు. ఉష్ణోగ్రత పెరిగిన కొలది బొగ్గు నుండి వాయువుగా వెళ్ళిపోయే భాగం పెరిగి, ఘనంగా మిగిలే భాగం తగ్గింది. దీనిని వివరించడానికి వారు రెండు పోటీ చర్యలను ఊహించారు. ఒకటి తక్కువ వేడిలోనే మొదలై తక్కువ వాయువును, ఎక్కువ శేషాన్ని ఇస్తుంది. మరొకటి హెచ్చు వేడిలో గాని జోరందుకోదు. అది గెలిస్తే ఎక్కువ భాగం వాయువై పోతుంది. నెమ్మదిగా వేడిచేస్తే మొదటిది ముందుగా వచ్చి సరకునంతా పంచుకొంటుంది. మెరుపు వేగంతో వేడిచేస్తే రెండవ దానికి అవకాశం దొరుకుతుంది. బాయిలరులో జ్వాల నిలకడగా ఉండునా, ఎంత బొగ్గు కాలక మిగులును అని ముందుగా లెక్కకట్టే ఇంజనీర్లకు ఈ విధమైన నమూనాలు నేటికీ ఆధారం.

రెండవ అంకం తాపీగా నడుస్తుంది

వాయువులు వెళ్ళిపోగా మిగిలినది తేనెపట్టు వలె గుల్లబారిన కర్బన శేషం. దానిలో కర్బనమూ, బూడిదా తప్ప ఇతర పదార్థాలు చాలా తక్కువ. ఇప్పుడు ఆక్సిజన్ నేరుగా దాని తలాన్ని తాకుతుంది. రెండవ మంట మొదలవుతుంది. ఇది ముగియడానికి ఒకటి, రెండు సెకన్లు పట్టవచ్చును. మనకు అది లెక్కలోనికి రాని కాలమే గాని, మొదటి అంకంతో పోల్చితే పదుల రెట్లు ఎక్కువ. బాయిలరును అంతస్తులుగా, ఆకాశమంటే ఎత్తున కట్టడానికి ముఖ్య కారణాలలో ఇది ఒకటి. రేణువు పైకి పోతూ పోతూ కాలిపోవడానికి చాలినంత వ్యవధి ఉండాలి.

కర్బన శేషం కాలే వేగాన్ని నిర్ణయించేది ఏమిటి? పెండ్లి పంక్తిని తలచుకొంటే ఇది సులభంగా బోధపడుతుంది. అతిథులకు ఆకలి లేకపోతే వడ్డించేవారు గంపలతో నిలబడి ఉన్నా భోజనం సాగదు. తక్కువ ఉష్ణోగ్రతలో కర్బనం స్థితి అది; ఆక్సిజన్ కావలసినంత ఉన్నా రసాయన చర్య మందంగా ఉంటుంది. అతిథులు నకనకలాడుతూ వస్తే ఆకులో పడినది పడినట్లు మాయమవుతుంది. అప్పుడు భోజనపు వేగం వడ్డించేవారి కాళ్ళ మీద ఆధారపడుతుంది. అత్యధిక ఉష్ణోగ్రతలో ఇదే జరుగుతుంది. ఆక్సిజన్ ఎంత త్వరగా రేణువును చేరగలిగితే అంత త్వరగా కాలుతుంది. ఈ రెంటికీ నడుమ, గుమ్మం దగ్గరివారికి వడ్డన అంది లోపలి వరుసలవారికి అందని స్థితి ఒకటి ఉన్నది. కర్బన శేషం పైతలం కాలుతూ ఉంటుంది, లోపలి రంధ్రాలకు ఆక్సిజన్ చేరకముందే ఖర్చయిపోతుంది.

ఆక్సిజన్ రాకపైనే వేగం ఆధారపడిన స్థితిలో కాలడానికి పట్టే సమయం రేణువు వ్యాసపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 50 మైక్రాన్ల రేణువుకు పట్టే కాలానికి 100 మైక్రాన్ల రేణువుకు నాలుగు రెట్లు, 200 మైక్రాన్ల దానికి పదహారు రెట్లు పట్టుతుంది. కొలిమిలో అందరికీ ఉన్న వ్యవధి ఒకటే. అందుచేత మర సరిగా విసరకపోతే, ముతక రేణువులు సగం కాలి బూడిదలో కలిసిపోతాయి. మరలోని చిన్న లోపం బూడిదలోని నల్లదనంగా బయటపడుతుంది.

మంట చెడినప్పుడు

ఇంతవరకు చెప్పినదానిని బట్టి పొగ అంటే ఏమో తేలిగ్గా చెప్పవచ్చును. పొగ అనేది కాలని ఇంధనం. ఉష్ణ విఘటనం జరిగింది, వాయువులు వెలువడినవి; కాని అవి అంటుకోవడానికి చాలినంత వేడి గాని, గాలి గాని, వ్యవధి గాని దొరకలేదు. చల్లబడిన తారు ఆవిరులు సూక్ష్మ బిందువులై, మసిగా మారిన కర్బనంతో కలిసి పొగగా లేచిపోయాయి. మొదటి మంట చెడితే పొగ వస్తుంది.

రెండవ మంట చెడితే వచ్చేది అంతకంటె ప్రమాదకరం. ఎందుకంటే అది కనిపించదు. కర్బనం పూర్తిగా కాలితే బొగ్గుపులుసు వాయువు అవుతుంది. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వద్దనే ఆగిపోతుంది. అలా ఆగితే, రావలసిన వేడిలో నాలుగవ వంతు కంటె కొద్దిగా ఎక్కువ మాత్రమే వస్తుంది. నష్టం వేడితో ఆగదు. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఇది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది.

ఉత్తర భారతంలో శీతకాలం వస్తే అంగీఠీలు వెలుగుతాయి. అవి మన కుంపట్లకు దగ్గరి బంధువులు. బయట వెలిగించి, పొగ అంతా పోయి నిప్పులు ఎఱ్ఱగా అయిన పిమ్మట గదిలోనికి తెచ్చి, చలికి తలుపులు బిగించి నిద్రపోవడం కొందరి అలవాటు. ‘పొగ లేదు గదా’ అన్న ధైర్యమే ఇక్కడ మృత్యువుకు ద్వారం తెరుస్తున్నది. పొగ లేదంటే మొదటి మంట ముగిసిందని మాత్రమే అర్థం. మూసిన గదిలో రెండవ మంట గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్‌ను తయారుచేస్తూ ఉంటుంది. ఢిల్లీ పరిసరాలలో ఈ కారణంగా కుటుంబాలు నిద్రలోనే ప్రాణాలు విడిచిన వార్తలు చలికాలంలో పదే పదే వస్తూనే ఉన్నాయి. నిప్పు ఎంత నిర్మలంగా కనిపించినా, మూసిన గదిలో దానిని ఉంచరాదు. ఈ వ్యాసంలో చదివిన తక్కిన విషయాలన్నీ మరచిపోయినా పాఠకులు ఈ ఒక్క మాట మరువకుందురు గాక.

వేడి తీర్చలేని దోషాలు

పెద్ద బాయిలరు రెండు మంటలనూ చక్కగా నడిపిస్తుంది. పొగ దాదాపు లేదు, కార్బన్ మోనాక్సైడ్ స్వల్పం. అయితే వేడి తీర్చే దోషాలు కొన్ని, తీర్చలేనివి కొన్ని, తానే కల్పించేవి మరికొన్ని.

బూడిదను వేడి తీర్చలేదు. 40 శాతం బూడిద గల బొగ్గును 100 కిలోలు కాల్చితే 40 కిలోల బూడిద మిగులుతుంది. దానిలో సుమారు 80 శాతం వాయువులతోపాటు ఎగిరిపోయే మెత్తని బూడిద. రేణువులోని ఖనిజాలు ఆ వేడికి కరిగి, బిందువులై, చల్లారి గాజు గోలీల వంటి సూక్ష్మ గోళాలుగా మారుతాయి. కొన్ని లోపల బోలుగా ఉండి నీటిపై తేలుతాయి. విద్యుదావేశంతో ధూళిని ఆకర్షించే యంత్రాలు వీటిలో చాలా భాగాన్ని పొగగొట్టానికి ముందే పట్టివేస్తాయి. పట్టిన దానిని సిమెంటులో, ఇటుకలలో, రోడ్లలో వాడుతున్నారు. దాద్రీలో పొడి బూడిదను గుట్టగా పేర్చి, పైన పచ్చదనం పెంచే విధానాన్ని చేపట్టారు.

గంధకాన్ని కూడా వేడి తీర్చలేదు. అది కాలి సల్ఫర్ డయాక్సైడ్‌గా బయటికి పోతుంది. గాలిలో క్రమంగా మారి సల్ఫేటు ధూళి అవుతుంది. ఈ ధూళి పుట్టిన చోట ఉండదు, వందల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. పొగగొట్టం వద్ద ధూళిగా లెక్కకు రానిది మరొక ఊరి గాలిలో ధూళిగా లెక్కకు వస్తుంది.

ఇక నత్రజని ఆక్సైడ్లను వేడి తానే కల్పిస్తుంది. 1,500 డిగ్రీలు దాటిన చోట గాలిలోని నత్రజని, ఆక్సిజన్ కలిసిపోతాయి. బొగ్గులో స్వతహాగా ఉన్న నత్రజని కూడా కొంత ఉష్ణ విఘటనంలో వాయువుగా వెలువడి మండుతుంది. ఇంజనీర్లు ఇక్కడ మొదటి అంకాన్నే ఉపాయంగా వాడుకొన్నారు. బర్నరు దగ్గర కావాలని గాలి తక్కువగా ఇస్తారు. అప్పుడు బొగ్గు నుండి వచ్చిన నత్రజని సమ్మేళనాలకు ఆక్సిజన్ దొరకక, చాలా భాగం నిరపాయకరమైన నత్రజనిగా మారిపోతుంది. తగ్గించిన గాలిని మరికొంత ఎత్తున ఇచ్చి రెండవ మంటను పూర్తిచేస్తారు. గాలిని మరీ తగ్గిస్తే కర్బనం కాలక మిగులుతుంది, ఎక్కువైతే ఆక్సైడ్లు పెరుగుతాయి. రెండు మంటల నడుమ ఈ తూకాన్ని నిలపడమే బాయిలరు నడపడంలోని నేర్పు.

రాజధాని ప్రాంతానికి ఈ విషయం పాఠ్యపుస్తకంలోనిది కాదు. 1973లో ఉత్పత్తి ఆరంభించిన బదర్‌పూర్ కేంద్రం దశాబ్దాల పాటు ఢిల్లీకి విద్యుత్తునిచ్చింది. దాని బొగ్గు ఝరియా గనుల నుండి, నీరు ఆగ్రా కాలువ నుండి వచ్చేవి. ఊరు పెరిగి దాని చుట్టూ అల్లుకొన్నది. 2018 అక్టోబరు 15న దానిని శాశ్వతంగా మూసివేశారు. యమున ఒడ్డునున్న ఇంద్రప్రస్థ, రాజ్‌ఘాట్ బొగ్గు కేంద్రాలు అంతకు ముందే మూతపడ్డాయి. 2023 జనవరి 1 నుండి రాజధాని ప్రాంతపు పరిశ్రమలలో బొగ్గు వాడకాన్ని వాయు నాణ్యతా నిర్వహణ సంఘం నిషేధించింది. థర్మల్ విద్యుత్ కేంద్రాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఢిల్లీ హద్దులలో బొగ్గు కేంద్రాలు లేకపోయినా, దాద్రీలో, ఝజ్జర్‌లో, పానీపత్‌లో బొగ్గు మండుతూనే ఉన్నది. ధూళికి, గంధకపు వాయువుకు, నత్రజని ఆక్సైడ్లకు కేంద్ర ప్రభుత్వం 2015 డిసెంబరులో కఠినమైన పరిమితులు విధించింది. వాటిని పాటించవలసిన గడువులు ఆ తరువాత పలుమార్లు పొడిగింపబడినవి.

పొలంలో పొగ, కొలిమిలో జ్వాల

ఇదే శాస్త్రం మరొక సమస్యకు కూడా దారి చూపుతున్నది. పంజాబు, హర్యానా పొలాలలో వరికోత తరువాత మిగిలిన గడ్డిని, కొయ్యకాళ్ళను తగులబెట్టడం, ఆ పొగ ఢిల్లీని క్రమ్ముకోవడం మనకు తెలిసినదే. ఎండు గడ్డి బరువులో రమారమి మూడింట రెండు వంతులు బాష్పశీల పదార్థమే. అది 250 డిగ్రీల ప్రాంతంలోనే విఘటనం చెందడం మొదలుపెడుతుంది. పొలంలో గడ్డి తేమగా ఉంటుంది, మంట చల్లగా ఉంటుంది, గాలి ఒక తీరున అందదు. వెలువడిన వాయువులలో చాలా భాగం అంటుకోకుండానే పొగగా లేచిపోతుంది.

ఆ గడ్డినే గుళికలుగా నొక్కి, బొగ్గుతో కలిపి బాయిలరులో వేస్తే మొదటి మంట సక్రమంగా సాగుతుంది. 2017లో దాద్రీ కేంద్రంలో ఈ ప్రయోగం జరిగింది. 2021లో వాయు నాణ్యతా నిర్వహణ సంఘం ఢిల్లీకి 300 కిలోమీటర్ల లోపల ఉన్న బొగ్గు విద్యుత్ కేంద్రాలు 5 నుండి 10 శాతం వరకు ఇటువంటి గుళికలను కలిపి వాడాలని ఆదేశించింది.

ఇందులోనూ చిక్కులు లేకపోలేదు. గడ్డి తక్కువ వేడికే వాయువులను విడుస్తుంది గనుక, బొగ్గు మరలోని వెచ్చని గాలిలో అది ముందే రాజుకొనే ప్రమాదమున్నది. గడ్డి బూడిదలోని పొటాషియం లవణాలు త్వరగా కరిగి, బాయిలరు గొట్టాలకు అంటుకొంటాయి. దీనికొక పరిహారం గడ్డిని ముందుగానే 250, 300 డిగ్రీల మధ్య, గాలి తగలకుండా కొద్దిగా వేయించడం. అప్పుడది పెళుసెక్కి బొగ్గు వలె సులభంగా పొడి అవుతుంది, తడిని పీల్చదు. ధాన్యాన్ని వేయించి విసిరే మన ఇంటి పద్ధతికి ఇది దూరమైనది కాదు. ఇక రైతు పొలం నుండి గుళికల కర్మాగారం దాకా గడ్డిని చేర్చే బండ్లు, గిడ్డంగులు, గిట్టుబాటు ధర, ఇవి రసాయన శాస్త్రం చేతిలో లేవు. వరికోతకూ గోధుమ విత్తడానికీ నడుమ రైతుకు మిగిలేది కొద్ది వారాలు మాత్రమే.

చివరగా గమనించవలసినది ఒకటి ఉన్నది. 12 కిలోల కర్బనం పూర్తిగా కాలితే 44 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. మంట ఎంత నిర్దుష్టమైతే ఈ లెక్క అంత నిక్కచ్చిగా నెరవేరుతుంది. పొగను, విషవాయువును పోగొట్టే నేర్పు దీనిని పోగొట్టలేదు. ఒక యూనిట్ విద్యుత్తుకు కావలసిన బొగ్గును తగ్గించడం, బొగ్గుతో తయారయ్యే విద్యుత్తునే తగ్గించడం తప్ప దీనికి కొలిమి లోపల మందు లేదు. కాబట్టి ఒక పొగగొట్టం మంచిదా చెడ్డదా అని తేల్చడానికి దాని కొసన నల్లని పొగ ఉన్నదా అని తలయెత్తి చూస్తే చాలదు. కొలిచిన అంకెలేవి, విధించిన పరిమితులేవి, ఆ పరిమితులు ఎన్నడు అమలులోకి వస్తాయి అని అడగాలి. ఆ గాలిని పీల్చేవారికి అలా అడిగే హక్కున్నది.